వినే ముఖం

బాల్దొమేరో పలకను పై అంచు దగ్గర రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కుడి చెవి పక్కన వేలాడదీసి, బొటనవేలి కణుపుతో కొట్టాడు. కొట్టి త్రినీ వైపు చూశాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చూశాడు.

త్రినీ ఊపిరి బిగబట్టి నిలబడింది. అది ఆమె తన సొంత గిటారు కోసం చేసుకున్న పై పలక. గిటారులో పలికేది ఆ పలకే. పక్కలూ వెనకా మెడా దాన్ని మోయడానికి ఉన్నవి. ఒకే స్ప్రూస్ దుంగలోంచి వచ్చిన రెండు రేకులను పుస్తకంలా విప్పి అతికి, మధ్యలోని గుండ్రటి నోటి చుట్టూ నగిషీ పొదిగి, మేస్త్రీ పని ముగిశాక సాయంకాలాల్లో మిగిలిన వెలుతురులో చిత్రిక పట్టుకుంటూ ఆమె దాన్ని ఇంతవరకు తెచ్చింది.

“మూగది,” అన్నాడు బాల్దొమేరో.

“ఎటువైపు, మేస్త్రీ?”

“ఎటువైపని చెప్పను? మొత్తంగా.”

“ఇంకా మందంగా ఉందా, లేక ఎక్కువ తీసేశానా?”

“అదీ నేనే చెబితే ఇక నీకు చెవులెందుకు, పోగులు పెట్టుకోవడానికా?” పలకను ఆమె బల్ల మీద పెట్టి, ముంజేతికి అంటుకున్న పొట్టు దులుపుకున్నాడు. “చెవి ఇంకా పండలేదు, పిల్లా. పండిన రోజున నేనే చెబుతానుగా.”

ఇది మూడో గిటారు. మొదటి రెండింటికీ ఇదే మాట, ఇంచుమించు ఇదే గొంతుతో చెప్పాడు. గ్రనాడాలో ఆ వాలు వీధిలోని గిటారు కార్ఖానాలన్నిటిలోనూ ఒకటే పద్ధతి. పనిచేసేవాళ్ళు సొంతంగా ఒక గిటారు చేస్తే, దాని పలకను మేస్త్రీ కొట్టి చూస్తాడు. ఆయన సరేనంటే, వెనక చెక్క అతికి మూసేయకముందు, ఆ పలక లోపలి వైపున వాళ్ళు పెన్సిలుతో తమ పేరు రాసుకుంటారు. మూసేశాక ఆ పేరు ఎవరికీ కనబడదు; ఏ యాభై ఏళ్ళకో మరమ్మతు కోసం విప్పినవాడికి కనబడాలి. అయినా ఆ రాత రాసిన రోజు నుంచే మనిషి గిటారు చేసేవాళ్ళలో లెక్క. అంతవరకు చేతికింద మనిషి. త్రినీ చేసిన మొదటి రెండూ పేరు లేకుండానే మూతపడి, కొత్తగా నేర్చుకునే పిల్లల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. ఆమెకు ముప్పై దాటింది. ఆ కార్ఖానాలో చేరినప్పుడు జడ నడుము దాకా ఉండేది. చిత్రికలో చిక్కుకుంటోందని మెడ దాకా కత్తిరించుకుని ఏళ్ళు గడిచాయి.

ఆమె పలకను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. తన బల్ల దగ్గరికి వచ్చి, పలకను పక్కలతో కలిపే చిన్న చిన్న అతుకుదిమ్మలు కోయడం మొదలుపెట్టింది. ఆమె బల్ల మేస్త్రీ బల్లకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. రెండేళ్ళ కిందట ఆయనే దాన్ని చీకటి మూల నుంచి తీయించి, కిటికీ వెలుతురు ఆమె మీద పడేలా అక్కడ వేయించాడు. అది తనకు దక్కిన గౌరవం అనుకుంది త్రినీ. ఇంట్లో అమ్మకు కూడా అలాగే చెప్పుకుంది.

ఆ వారమంతా మేస్త్రీ బల్ల మీద ఉన్నది లెయాంద్రో గిటారు. లెయాంద్రో కోర్దోబా వాడు, కచేరీలు చేసేవాడు. ఈ గిటారు కోసం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. పలకకు లోపలి బద్దలు అతికే ముందు ఒకసారి వచ్చి చూసుకుని వెళ్ళడం అతని అలవాటు. గురువారం వస్తానని కబురు పెట్టాడు. ఆ పలకకు వాడిన స్ప్రూస్‌ను బాల్దొమేరో వాళ్ళ నాన్న కొని ఆరబెట్టాడు. అలాంటిది అటక మీద ఇంకెంతో లేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం శాన్ సెసీలియో చర్చి గంటలు మొదలయ్యాయి. త్రినీ అలవాటుగా ఉలి కింద పెట్టింది. కింది కార్ఖానాలో రంపం ఆగింది. ఆ గంటలు మోగినంతసేపు ఆ వీధిలో ఎవరూ పలక కొట్టరు. కొట్టినా ప్రయోజనం లేదు; కంచు మోత గోడల్లోంచి, బల్లల్లోంచి, పళ్ళలోంచి కూడా వస్తుంది. ఆ కాసేపట్లో కొందరు చుట్ట వెలిగించుకుంటారు, కొందరు గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

బాల్దొమేరో లెయాంద్రో పలకను ఎత్తి, చెవి పక్కన పట్టుకుని, కొట్టాడు.

ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకుంది త్రినీ మొదట. కణుపు చెక్కకు తగలడం కనబడింది గానీ చప్పుడు వినబడలేదు. వినబడే వీలు లేదు. కానీ ఆయన తల కాస్త వంచి, ఎప్పటిలాగే శ్రద్ధగా విని, ఎప్పటిలాగే తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆశ్చర్యంతో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన పెదవులు కదిలాయి. ఇంకా ఉంది, అన్నాడు. పలకను పరిచి, చిత్రికను ఒకే ఒక్కసారి నడిపాడు. ఉల్లిపొర లాంటి పొట్టు చుట్టలు చుట్టుకుని నేల మీద పడింది.

గంటలు ఆగాయి. ఆయన మళ్ళీ కొట్టాడు.

ఈసారి వినబడింది. లోతుగా మొదలై, పైకి వస్తూ విచ్చుకుని, చివర వెంటనే తెగిపోకుండా గదిలో కాసేపు నిలిచింది. ఆ నాదం కోసమే ఇన్నాళ్ళూ చిత్రిక పట్టారు. తన ప్రయత్నం ఏమీ లేకుండానే త్రినీ నుదుటి ముడి విడింది.

“అదీ!” అన్నాడు బాల్దొమేరో, ఆమె ముఖం మీది నుంచి చూపు తిప్పకుండానే. చిత్రిక పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. “విన్నావా? చెవి పండటమంటే ఇది.”

భోజనానికి కూర్చున్నప్పుడు ఆమెకు ఏం తిన్నదీ తెలియలేదు. బాల్దొమేరో రొట్టె తుంచి నూనెలో అద్దుకుంటూ, కింది కార్ఖానావాడు రంపం ఎలా పట్టుకుంటాడో అభినయించి చూపించాడు. ఆమె నవ్వింది. నవ్వుతూ ఆయన కళ్ళను చూసింది. అవి తన పెదవుల మీద ఉన్నాయి. ఇది ఈ రోజు కొత్తగా మొదలైంది కాదని, తాను ఈ రోజు కొత్తగా చూస్తున్నానని ఆమెకు అర్థమైంది.

భోజనాల తర్వాత చెక్క వేరుగా మాట్లాడుతుందని మేస్త్రీ నమ్మకం. పొద్దుటి తేమ ఎండకు పోతుంది కాబట్టి, అయిపోయిందనుకున్న పలకను కూడా మధ్యాహ్నం మరోసారి కొట్టి చూస్తాడు. ఆయన లెయాంద్రో పలకను ఎత్తేటప్పటికి త్రినీ తన బల్ల వెనక సిద్ధంగా నిలబడి ఉంది. గంటలు ఆగాక వినిపించిన నాదమే మళ్ళీ వినిపించింది, ఇంకా తేటగా. ఆమె కనుబొమలు ముడిచింది.

బాల్దొమేరో చెయ్యి ఆగింది. మళ్ళీ కొట్టాడు. ఆమె కనుబొమలు అలాగే ఉంచింది. ఆయన పలకను దించి, రెండు బొటనవేళ్ళూ మధ్యలో ఆనించి, కింద తక్కిన వేళ్ళతో మెల్లగా వంచి చూశాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. మళ్ళీ తలెత్తి ఆమెను చూశాడు. ఆమె పెదవి కూడా కాస్త విరిచింది.

ఆయన చిత్రిక అందుకున్నాడు. సన్న తీగలు వచ్చే వైపు మూడు పొరలు తీశాడు. కొట్టాడు. అంతవరకు గదిలో నిలిచిన నాదం ఇప్పుడు ఒక్కసారిగా పెద్దదై, పట్టు లేకుండా వదులుగా వచ్చి పడిపోయింది.

త్రినీ తల దించుకుని ఉలి వెతుకుతున్నట్టు నటించింది. ఆయన ఆమె ముఖం కోసం కాసేపు చూశాడు. అది దొరకకపోయేసరికి పలకను బల్ల మీద పెట్టి, “రేపు చూద్దాం,” అన్నాడు.

ఆమెకు మొదట కలిగింది సంతోషం. దాచుకోవడానికి వీల్లేనంత స్పష్టమైన సంతోషం. ఇన్నేళ్ళుగా తనను కాదన్నది ఒక చెవిటి మనిషి అన్న సంతోషం. నేల మీద పడి ఉన్న మూడు పొరలను ఊడ్చి చేటలోకి ఎత్తేటప్పుడు అవి ఎంత తేలికగా ఉన్నాయో చూసింది. సంతోషం అక్కడ ఆగింది. తర్వాత ఎప్పుడు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చినా, చేసిన పని కన్నా, ఆ మొదటి సంతోషమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

*

గిటార్లకు లక్క పెట్టేది బాల్దొమేరో భార్య కుస్తోదియా. పై అంతస్తులో, దుమ్ము రాకుండా తలుపులు బిగించిన గదిలో ఆమె పని. ఉన్ని ముద్దను పాత దుప్పటి గుడ్డలో చుట్టి, స్పిరిట్‌లో కరిగిన లక్కలో ముంచి, చెక్క మీద సున్నాలు చుడుతూ పోతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగినా గుడ్డ అక్కడే అంటుకుని మచ్చ పడుతుంది. అందుకే గదిలోకి ఎవరు వచ్చినా ఆమె తలెత్తదు.

“తలుపు వెయ్యి, పిల్లా. దోమని కూడా నీతో తేవద్దు.”

త్రినీ తలుపు వేసి గోడకు ఆనుకుంది. “ఆయనకు ఎన్నాళ్ళ నుంచి వినబడటం లేదు?”

“ఎవరికి?” చెయ్యి సున్నాలు చుడుతూనే ఉంది. “మా ఆయనకా? ఎందుకు వినబడదు! నేను వాళ్ళ తమ్ముణ్ణి తిడితే మూడు గదుల అవతల నుంచి వినబడుతుంది.”

“కుస్తోదియా గారూ.”

“ఏం?”

“గంటలు మోగుతుంటే పలక కొట్టాడు ఇవాళ.”

కుస్తోదియా గుడ్డను ఇంకో సున్నా తిప్పింది. కిటికీ బయట వానకోయిలలు గుంపులుగా కప్పుల మీద అరుస్తూ తిరుగుతున్నాయి. మే నెల సాయంకాలాల్లో ఆ ఊళ్ళో మాటలు కూడా వాటి అరుపుల మధ్య ఖాళీ చూసుకుని మాట్లాడుకోవాలి.

“పోయిన ఏడు మేడ మీద కూర్చుని, ఈ కాలం పిట్టలకు గొంతే లేదు, ఊరికే తిరుగుతున్నాయి అన్నాడు. నెత్తి మీద ఇదిగో, ఇలాగే చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నాయి. నేనేమంటాను? అవునయ్యా, తిండి సరిగ్గా దొరకట్లేదేమో అన్నాను.”

“డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పలేదా?”

“మనిషికి తెలిసిన సంగతే మనిషికి చెప్పడం పెళ్ళయిన కొత్తలో మానేశాను, తల్లీ. నువ్వు చెప్పి చూడు. ఆ చిత్రిక నీ మీదకి విసిరితే నన్ను అనకు.”

“నా మొహం చూసి పని చేస్తున్నాడు.”

“మరి బల్ల ఎందుకు జరిపించాడనుకున్నావు, నీ అందం చూడ్డానికా?” అంది కుస్తోదియా. అందులో వెటకారం ఉన్నా, దాని అడుగున ఎప్పటి నుంచో మోస్తున్న బరువు ఒకటి వినిపించింది. “ఎవరికీ చెప్పకు. ఈ వీధిలో ఒకడి నోట పడిందంటే రేపటికల్లా లెయాంద్రో దాకా పోతుంది.”

“ఆయన నా గిటార్లను కాదన్నాడు. మూడు. వినకుండానే కాదన్నాడు.”

“అది ఆయన్నే అడుగు. నా వంతు లక్క.”

త్రినీ వెళ్ళిపోవలసింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది కూడా. “నేను ఇవాళ కావాలనే మొహం చిట్లించాను,” అంది. “పలక అయిపోయింది, చక్కగా పలుకుతోంది. అయినా చిట్లించాను. ఆయన ఇంకో మూడు పొరలు తీసేశాడు.”

కుస్తోదియా చెయ్యి ఆగింది.

ఆగిందని ఆమెకే తెలిసి, గుడ్డను వెంటనే పైకి లాగింది. అప్పటికే ఆలస్యమైంది. నల్లటి వెనక చెక్క మీద, అద్దంలాంటి మెరుపు నడుమ, వేలెడంత మసక మచ్చ పడింది. ఇద్దరూ దాన్ని చూశారు.

“ఆ పలక లెయాంద్రోదా?” అంది కుస్తోదియా.

“లెయాంద్రోదే.”

“మా ఆయన వాళ్ళ నాన్న చెక్క అది.” ఆమె గుడ్డను సీసాలో పెట్టి మూత బిగించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ పనీ లేకుండా ఆ చేతులను త్రినీ అంతకు ముందు చూడలేదు. “ఇక వెళ్ళు. దీన్ని మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి.”

*

మర్నాడు త్రినీ వచ్చేటప్పటికి బాల్దొమేరో జిగురు గిన్నెను వేడినీళ్ళలో పెట్టి ఉన్నాడు. విసనకర్ర ఆకారంలో పలక అడుగున అతకవలసిన బద్దలను వరసగా పేర్చుకున్నాడు. లెయాంద్రో వచ్చి చూడకముందే అతికేద్దామన్నది ఆయన తొందర. అతను వచ్చాక కొట్టి చూపించాల్సి వస్తుందనే ఈ తొందర అని నిన్నటి దాకా ఆమెకు తోచి ఉండేది కాదు.

ఆమె కిటికీ వెలుతురులోకి వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది.

“మేస్త్రీ, జిగురు పెట్టకండి.”

“ఏం?”

“ఆ పలక పోయింది.”

“పోవడమేమిటి?”

“నిన్న భోజనం తర్వాత మీరు తీసిన మూడు పొరలు తీయకూడదు. అప్పటికే అయిపోయింది అది. నేను మొహం చిట్లించాను. కావాలనే చిట్లించాను.”

ఆయన కుంచెను జిగురులో ఒకసారి తిప్పాడు. “ఎందుకు?”

“మీకు వినబడుతోందో లేదో చూద్దామని.”

“చూశావా?”

“చూశాను.”

బాల్దొమేరో కుంచెను నీళ్ళలో వేశాడు. పలకను ఎత్తాడు గానీ చెవి దగ్గరికి తీసుకుపోలేదు. నిన్నటిలాగే బొటనవేళ్ళు రెండూ మధ్యలో ఆనించాడు.

“ఇక్కడ,” అన్నాడు. “నిన్న ఇక్కడ పట్టుకుంటే నా వేళ్ళు చెప్పాయి. ఇక చాలు, ఆపు, అన్నాయి. తలెత్తి నిన్ను చూశాను. నువ్వు కాదన్నావు. ఈ వేళ్ళు కూడా ముసలివైపోయాయి కాబోలు అనుకున్నాను.”

ఆ మాటలో నిందేమీ లేదు. త్రినీ రాత్రంతా ఆయన కోపం కోసం సిద్ధపడింది. దానికి ఇవ్వవలసిన జవాబులు వరసగా పెట్టుకుంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనికి రాలేదు. తాను పరీక్షించింది ఆయన వినికిడిని అనుకుంది. ఆయన తన చేతుల కన్నా ఆమె ముఖాన్ని ఎక్కువ నమ్మాడు. ఆ నమ్మకంలోంచే మూడు పొరలు తీయించింది తను.

“మరి నా చెవి పండలేదని ఎందుకన్నారు?” అని అడిగింది. గొంతు తాను అనుకున్నదాని కన్నా పెద్దగా వచ్చింది. “మూడుసార్లు?”

“నీ పలక కొట్టినప్పుడు నీ మొహంలో ఏమీ ఉండదు, పిల్లా. వేసిన తలుపులా ఉంటుంది. లెయాంద్రోది కొడితే నీ కళ్ళు చెబుతాయి, నుదురు చెబుతుంది, ఆ ముక్కు కూడా చెబుతుంది. నీది కొడితే పాఠం అప్పజెప్పే పిల్లలాగ కొయ్యబారిపోతావు. నేను ఏం చూసి సరేననను?”

“తెలియడం లేదని చెప్పొచ్చుగా!”

బాల్దొమేరో బద్దలను ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెడుతున్నాడు. ఆమె చివరి మాట ఆయనకు వినబడలేదో, విని ఊరుకున్నాడో తెలియలేదు. ఆయన అటు తిరిగి ఉన్నాడు.

కాసేపటికి ఆమె పక్కకు వెళ్ళి, ఆయనకు కనబడేలా నిలబడి అడిగింది. “దీన్ని ఏ పిల్లల గిటారుకో వాడొచ్చేమో.”

“రెండు వేసవులు బ్రహ్మాండంగా పాడుతుంది. మూడో వేసవికి తీగల బిగువుకు కుంగిపోతుంది.” ఆయన డబ్బా మూత వేశాడు. “పిల్లలు మాత్రం ఏం పాపం చేశారు?”

*

లెయాంద్రో గురువారం మధ్యాహ్నం ద్వారం దగ్గర నుంచే కేక వేస్తూ వచ్చాడు. “ఏదీ నా పెళ్ళికూతురు? నాలుగేళ్ళు నిశ్చితార్థంలోనే ఉంచారు మేస్త్రీ, మా మామగారు కూడా ఇంత ఏడిపించలేదు.”

“ఇదిగో,” అన్నాడు బాల్దొమేరో. “పాడైపోయింది.”

“మీ హాస్యం మీరూను.” లెయాంద్రో పలకను తీసుకుని, గోరుతో మీటినట్టు సుతారంగా కొట్టాడు. ఇంకోచోట కొట్టాడు. “ఎంత గొంతుందో దీనికి! తలుపులు తీసినట్టుంది. పాడైందంటారేమిటి?”

“ఎక్కువ తీసేశాం. నిలవదు.”

“నేను తీయించాను,” అంది త్రినీ.

“చిత్రిక నా చేతిలో ఉంది,” అన్నాడు బాల్దొమేరో, ఆమె పెదవుల మీది నుంచి చూపు మరల్చకుండా.

లెయాంద్రో ఒకసారి ఆయన్నీ ఒకసారి ఆమెనూ చూశాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ, దాన్ని ఏం చేయాలో అతనికి తెలియడం లేదు. “ఎన్నాళ్ళు నిలుస్తుంది?”

“రెండు వేసవులు.”

“నాకు సెప్టెంబరులో బార్సిలోనాలో కచేరీ ఉంది. తర్వాత ఏడాది రికార్డింగు. రెండు వేసవులు చాలు, మేస్త్రీ. కుంగిన రోజున తెచ్చి మీ మొహాన కొడతాను, కొత్త పలక వేద్దురుగాని. ఇచ్చేయండి.”

అది న్యాయమైన బేరమే. కొనేవాడు అంతా తెలిసే అడుగుతున్నాడు. త్రినీకి ఒక్క క్షణం ఊపిరి సలిపినట్టయింది. ఆ పలక అతనితో వెళ్ళిపోతే మంగళవారం మధ్యాహ్నం కూడా దానితోపాటే కోర్దోబాకు వెళ్ళిపోతుంది. బాల్దొమేరో ఆమె వైపు తిరిగాడు. పలక కొట్టి చూసినప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూశాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన పలకను లెయాంద్రో చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. బల్ల అంచుకు ఆనించి, రెండు అరచేతులతో కిందికి నొక్కాడు. అది విరిగిన చప్పుడు ఆ గదిలో ముగ్గురికీ వినిపించింది.

“మీకు పిచ్చి పట్టిందా!” అన్నాడు లెయాంద్రో.

“కొత్తది మొదలుపెడతాం. వచ్చే వసంతానికి.”

“వచ్చే వసంతానికి,” అని అతను ఆ మాటను తిరిగి అన్నాడు. టోపీ చేతిలో రెండుసార్లు తిప్పాడు. “నేను ఆలోచించుకోవాలి, మేస్త్రీ. నాకూ కచేరీలున్నాయి, చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు.” కుస్తోదియా మెట్ల మీది నుంచి కాఫీ తెస్తోంది. అతను ఆమెకు వంగి నమస్కారం పెట్టి, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె పళ్ళెం పట్టుకుని మూడు కప్పులనూ, విరిగిన పలకనూ చూసింది. “కప్పు మిగిలింది, ఎవరికి పోయను?” అంది. చివరికి తానే తాగింది.

లెయాంద్రో వస్తాడా రాడా అన్నది ఆ తర్వాత రోజుల్లో కార్ఖానాలో ఎవరూ ఎత్తలేదు. శుక్రవారం బాల్దొమేరో నిచ్చెన వేయించి అటక మీది నుంచి నాన్న చెక్కలో మిగిలినదంతా దించాడు. ఇద్దరూ ఆ రేకులను గోడకు ఆనించి, దుమ్ము తుడిచి, నరాలు నిటారుగా ఉన్నవాటినీ మెలిపడినవాటినీ వేరు చేశారు. మాటలు అవసరమైనంత మేరకే నడిచాయి. ఏదైనా చెప్పవలసి వచ్చినప్పుడు త్రినీ ముందు ఆయన కళ్ళ ఎదుటికి వచ్చి, ఆ తర్వాత చెప్పింది.

*

శనివారం సగం పూటే పని. బాల్దొమేరో పనిముట్లు తుడిచి గోడకు తగిలించాక, స్టూలు ఒకటి లాక్కుని వచ్చి త్రినీ బల్లకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

“నీది తీసుకురా.”

ఆమెకు అర్థం కాలేదు.

“గుడ్డలో చుట్టి దాచుకున్నావుగా. తీసుకురా. నేను కొట్టను. నువ్వు కొట్టు, నేను చూస్తాను.”

త్రినీ పలకను తెచ్చింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చెవి పక్కన వేలాడదీసింది. తన పలకను ఆమె లెక్కలేనన్నిసార్లు కొట్టుకుంది, ఒంటరిగా. ఎదురుగా ఈ మనిషిని కూర్చోబెట్టుకుని కొట్టడం ఇదే మొదలు. కణుపు చెక్కకు తగిలింది.

“ఏం కనబడింది?” అని అడిగింది.

“భయం,” అన్నాడాయన, బల్ల మీద దుమ్ముంది అన్నంత మామూలుగా. “మళ్ళీ కొట్టు.”

కొట్టింది.

“ఇంకా అదే. మళ్ళీ.”

ఆమె కొడుతూ పోయింది. కొంతసేపటికి చెయ్యి నొప్పెట్టి పలకను మరో చేతికి మార్చుకుంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. తొందర లేదు, ఓదార్పు లేదు. ఆ చూపు కింద ఆమెకు ఒక సంగతి బోధపడసాగింది. తన పలకను కొట్టిన ప్రతిసారీ తాను విన్నది పలకను కాదు. ఆయన ఏమంటాడో ఆ మాటను విన్నది. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. లెయాంద్రో పలక దగ్గర ఆ మాటతో ఆమెకు పని లేదు కాబట్టి చెక్క వినబడేది. ఇక్కడ చెక్కకూ ఆమెకూ నడుమ ఎప్పుడూ ఆ మాట ఉండేది. ఇప్పుడు ఆ మాట రాదు. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర అది లేదు. ఎప్పటి నుంచో లేదు.

ఆమె మళ్ళీ కొట్టింది. మంద్ర తీగల వైపు నిండుగా, నిదానంగా పలికింది. సన్న తీగల వైపు జరిగేసరికి ఒకచోట నాదం బిగుసుకుంది, పిడికిట్లో పట్టుకున్నట్టు. ఇంకోసారి కొట్టి చూసింది. అక్కడే.

బాల్దొమేరో స్టూలు మీద కాస్త ముందుకు వంగాడు.

“ఇక్కడుంది,” అంది త్రినీ.

“ఎంత?”

“ఒక్క పొర. నోటి కింది నుంచి అంచు దాకా.”

“నన్నడుగుతున్నావా?”

“అడగడం లేదు. చెబుతున్నాను.”

ఆమె పలకను బల్ల మీద పరిచి, చిత్రిక అలుగును గోటి మీద పరీక్షించి, నరాల వాలుకు కొంచెం ఏటవాలుగా ఆనించి నడిపింది. పొట్టు తెగకుండా ఒకే పొడుగున వచ్చింది. పలకను ఎత్తి, మీద అంటిన పొడిని ఊది, చెవి పక్కన పట్టుకుని కొట్టింది.

తన ముఖం ఏమందో ఆమెకు తెలియదు.

బాల్దొమేరో లేచాడు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, మొన ఎలా ఉందో చూసి, జేబులోని కత్తితో రెండుసార్లు చెక్కి, ఆమె బల్ల మీద పెట్టాడు. స్టూలు ఎక్కడ నుంచి తెచ్చాడో అక్కడ పెట్టేశాడు. “కుస్తోదియా, చిక్కుళ్ళు ఉడికాయా లేక నన్నే వచ్చి వండమంటావా?” అని కేక వేస్తూ మెట్లు ఎక్కిపోయాడు. పైనుంచి ఆమె ఏదో గట్టిగానే జవాబు చెప్పింది; ఆయన “ఏమిటీ?” అన్నాడు.

త్రినీ వెంటనే పెన్సిలు తీసుకోలేదు. ఎదురుగా ఎవరూ లేరు. పలకను మళ్ళీ చెవి పక్కన పట్టుకుని, ఒకసారి కొట్టి, నాదం పూర్తిగా ఆగిపోయేదాకా వింది. ఆ తర్వాత పలకను బోర్లించి, పెన్సిలు అందుకుంది.